నాయన స్టూడియోలో నా కోడ్‌కు చోటుందా?

కావలి నుంచి ఒక సోదరి రాసిన పొడవాటి ఉత్తరం ఇది. పేర్లు, గుర్తుపట్టే వివరాలు తీసేసి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇస్తున్నాను.

ఆమెకు ముప్పై రెండేళ్లు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాలుగేళ్లుగా ఇంటి నుంచే పని. వాళ్ల నాయనకు ట్రంకు రోడ్డు దగ్గర ఫొటో స్టూడియో ఉంది. పెండ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు అన్నీ ఒప్పుకుంటారు. అందులో పన్నెండేళ్లుగా ఒకరే ఎడిటర్. ఆయన్ని ఈమె ‘అన్న’ అని పిలుస్తుంది. స్టూడియోలో ఉన్న రెండు కంప్యూటర్లలోనూ నడిచేది క్రాక్ చేసిన (లైసెన్సు కొనకుండా దొంగదారిన వాడే) ఎడిటింగ్ సాఫ్ట్‌వేరే. పోయిన మాఘమాసంలో ఒక క్రాక్ ఫైలుతో పాటు దిగిన వైరస్ ఒక పెండ్లి ఫుటేజీ మొత్తానికి తాళం వేసేసింది. నాయన ఆ ఇంటికి వెళ్లి, డబ్బు వెనక్కిచ్చి, చేతులు పట్టుకుని క్షమించమని అడిగి వచ్చాడట. “ఆ రాత్రి నాయన అన్నం ముట్టుకోలేదు” అని రాసింది.

అప్పుడు ఈమె పట్టుబట్టి కూర్చుంది. శని, ఆదివారాల్లో వీడియో పనిముట్లైన ఎఫ్ఎఫ్ఎంపెగ్, మూవీపై నేర్చుకుని పైథాన్ భాషలో ఒక స్క్రిప్టు (చిన్న ప్రోగ్రాం) రాసింది. క్లిప్పులన్నీ టైము ప్రకారం పేర్చడం, పేర్లు వేయడం, పాట కలపడం, రెండర్ చేయడం (చివరి వీడియో ఫైలుగా తీయడం) అన్నీ అదే చేస్తుంది. మొదటి ప్రయోగం పిన్నమ్మ కూతురి నిశ్చితార్థం మీద. తన ల్యాప్‌టాప్‌లో చక్కగా వచ్చింది. చివరి రెండర్ మాత్రం స్టూడియో విండోస్ కంప్యూటర్‌లో చేసి, నేరుగా ఎల్ఈడీ స్క్రీన్ మీద వేశారు. తెర మీద శ్రీలక్ష్మి పేరు ముక్కలు ముక్కలుగా వచ్చింది. శ పక్కన ఒక పొల్లు, దాని పక్కన విడిగా రీ. క్ష కింద మ ఒత్తు ఉండాల్సిన చోట ఖాళీ, మి పక్కకి జరిగిపోయింది. పోనుపోను మాటకీ పెదవికీ పొంతన కూడా తప్పింది. బంధువులు నవ్వారు. అన్న అందరి ముందూ “కంప్యూటర్ చదివితే ఎడిటింగ్ రాదమ్మా” అన్నాడు. అప్పటినుంచి ఆయన ఈమెతో పని మాటలు తప్ప మాట్లాడటం లేదు. నాయన అయితే “ఎందుకుమే నీకీ తలనొప్పి” అని ఊరుకుంటాడు.

ఆమె ముఖ్యమైన ప్రశ్నలు మూడు. మన స్టూడియోల కోసం ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఒకటి తానే రాయడానికి ఉద్యోగం మానేయాలా? స్టూడియో మొత్తాన్ని విండోస్ బదులు లైనక్స్‌కీ ఓపెన్ సోర్స్‌కీ మార్చమని పట్టుబట్టాలా? లేక నోరు మూసుకుని క్రాక్‌లతోనే బతకాలా?

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు మిమ్మల్ని బాధపెడుతున్న ఆ తెర మీది పేరు దగ్గర మొదలుపెడతాను. ఎందుకంటే ఆ తప్పు మీ తెలివితక్కువ వల్ల జరగలేదు, తెలుగు లిపిలో పనిచేసే ప్రోగ్రామర్లు చాలామందికి ఎదురయ్యేదే.

కంప్యూటర్ లోపల ‘శ్రీ’ ఒక అక్షరం కాదు. శ, పొల్లు, ర, దీర్ఘం అని నాలుగు సంకేతాలు వరసగా ఉంటాయి. వాటిని కలిపి ఒక ముద్దైన అక్షరంగా తీర్చిదిద్దే పని వేరే లైబ్రరీది (సాఫ్ట్‌వేర్‌లు అరువు తెచ్చుకునే కోడ్‌ది). ఓపెన్ సోర్స్ ప్రపంచంలో ఆ పనిలో పేరున్నది హార్ఫ్‌బజ్. అది మధ్యలో లేకపోతే సాఫ్ట్‌వేర్ ఒక్కో సంకేతాన్నీ విడివిడిగా గీసేస్తుంది. ఇంగ్లీషుకి ఆ లోటు తెలియదు, మనకి ఒత్తులు ఊడిపోతాయి. కొత్త మూవీపై అక్షరాలు గీయడానికి పిల్లో అనే బొమ్మల లైబ్రరీ మీద ఆధారపడుతుంది. పిల్లో తెలుగును సరిగ్గా గీయాలంటే రాఖ్మ్ అనే భాగం పనిచేయాలి, దానికి ఫ్రిబిడి అనే ఇంకో చిన్న లైబ్రరీ కంప్యూటర్‌లో ఉండాలి. లైనక్స్‌లో అది చాలావరకు ముందే ఉంటుంది. విండోస్‌లో మనమే తెచ్చి పెట్టుకోవాలి. అది లేకపోతే పిల్లో ఎర్రర్ ఇవ్వదు, మామూలు పద్ధతిలో గీసేసి ఊరుకుంటుంది. మీ ల్యాప్‌టాప్‌లో బాగా వచ్చి స్టూడియో కంప్యూటర్‌లో విడిపోయిందని మీరు రాసిన ఒక్క వాక్యం చూస్తే నాకు అనుమానం ముందు అటే పోతోంది. పిల్లోలో రాఖ్మ్ ఉందో లేదో అడిగే సౌకర్యం ఉంది. స్క్రిప్టు మొదటి వరసలోనే అడిగి, లేదంటే అక్కడే ఆగిపోయేలా రాసుకోండి.

ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో నేరుగా అక్షరాలు వేసే డ్రాటెక్స్ట్‌కీ ఇదే జబ్బు ఉండేది. 2023లో వచ్చిన 6.1 వెర్షన్ నుంచి అది హార్ఫ్‌బజ్ వాడుతోంది. స్టూడియోలో పాత వెర్షన్ ఉంటే మార్చండి. నేనైతే పేర్ల కోసం ఇంకో దారి పడతాను. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో టైటిల్ కార్డు ఒకసారి అందంగా గీసి పెట్టుకుంటాను. ఆ ఫైలు లోపల ఉన్నది మామూలు టెక్స్టే కాబట్టి వధువు పేరు, వరుడి పేరు, తేదీ, కల్యాణ మండపం పేరు స్క్రిప్టుతో మార్చి, వెనక ఏమీ లేని బొమ్మగా తీసి, వీడియో మీద పరుస్తాను. ఒత్తులు సరిగా ఉన్నాయా లేదా అన్నది రెండర్ కాకముందే కంటితో చూసుకోవచ్చు. ఫాంట్లకీ కొదవ లేదు. మండలి, సూరన్న, తిమ్మన, రామభద్ర లాంటివి స్వేచ్ఛా లైసెన్సుతోనే దొరుకుతాయి, స్టూడియో పనికి నిశ్చింతగా వాడుకోవచ్చు.

మాట వెనకబడటం సంగతి. నిశ్చితార్థంలో సగం క్లిప్పులు బంధువుల ఫోన్ల నుంచి తీసుకున్నానని రాశారు. చాలా ఫోన్లు సెకనుకి ఇన్ని ఫ్రేములని కచ్చితంగా పట్టవు, వెలుగు తగ్గితే వేగం మారుస్తాయి. క్లిప్పులు వరసగా పేర్చే టైమ్‌లైన్ మాత్రం ఇరవై ఐదో ముప్పయ్యో సమానంగా ఉన్నాయనుకుంటుంది. తేడా కొంచెం కొంచెంగా పోగై చివరికి బయటపడుతుంది. నాకూ మా మేనత్త కొడుకు పెండ్లి వీడియోలో ఇదే జరిగింది. మొదట్లో బాగానే ఉంది, అప్పగింతల దగ్గరకొచ్చేసరికి పెండ్లికూతురి తల్లి పెదాలు కదిలాక అర సెకనుకి మాట వినిపించింది. ఆ తల్లి ఏడుస్తూ చెప్పే మాట అది. చూస్తుంటే ప్రాణం ఉసూరుమంది. ఫోన్ క్లిప్పు ఏదైనా సరే, టైమ్‌లైన్ మీదకి తెచ్చేముందే ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో స్థిరమైన ఫ్రేమ్‌రేట్‌కి మార్చేయండి. షాట్‌కట్, కెడెన్‌లైవ్ అనే ఓపెన్ సోర్స్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లు అయితే ఇలాంటి క్లిప్పు వేసినప్పుడు తామే గుర్తుపట్టి మార్చమంటారా అని అడుగుతాయి.

ఇక అన్న సంగతి. ఆయన మాట కటువుగా ఉంది, అందరి ముందూ అనడం ఇంకా తప్పు. కానీ ఆయన వైపు నుంచి ఒకసారి చూడండి. మీ స్క్రిప్టు క్లిప్పులు పేర్చింది, పాట కలిపింది, రెండర్ చేసింది. అంటే పన్నెండేళ్లుగా ఆయన చేస్తున్న పని మొత్తం ఒక బటన్ చేస్తుందని చూపించినట్టయింది. మీ ఉద్దేశం అది కాదని నాకు తెలుసు, మీరు నాయన పరువు కాపాడాలని చేశారు. ఆయనకి మాత్రం తన కుర్చీ కదులుతున్నట్టు అనిపించి ఉంటుంది.

నిజానికి ఆయన పనిలో రెండు భాగాలున్నాయి. ఒకటి కన్ను చేసే పని. తలంబ్రాల గంటన్నర ఫుటేజీలో పెండ్లికొడుకు దొంగచూపు చూసిన ఆ రెండు సెకన్లు ఏరడం, ఎవరి ముఖం మీద ఎంతసేపు ఆగాలో తెలియడం, ఏ మేనమామ కనపడకపోతే ఆ ఇంట్లో గొడవవుతుందో గుర్తుంచుకోవడం. క్లిప్పుల్ని టైము ప్రకారం పేర్చే స్క్రిప్టుకి ఇది ఎప్పటికీ అందదు. రెండోది చాకిరీ. కార్డులు కాపీ చేయడం, ఫోల్డర్ల పేర్లు, ఫార్మాట్లు మార్చడం, చిన్న సైజు కాపీలు తయారుచేయడం, ప్రతి పెండ్లికీ అవే పేర్లు మళ్లీ టైపు చేయడం, రాత్రి పన్నెండింటి దాకా రెండర్ బార్ చూస్తూ కూర్చోవడం. మీ కోడ్‌కు చోటున్నది ఈ రెండో భాగంలో. మీరు మొదటి భాగంలోకి కూడా చెయ్యి పెట్టారు, అక్కడే తేడా వచ్చింది.

కాబట్టి ఎవరూ అడ్డుచెప్పని చోట మొదలుపెట్టండి. కెమెరా కార్డు పెట్టగానే రెండు చోట్లకి కాపీ చేసి, ప్రతి ఫైలుకీ చెక్‌సమ్ (ఫైలు మారలేదని చెప్పే లెక్క) సరిపోల్చి, అంతా సరిగ్గా ఉంటేనే ‘కార్డు ఫార్మాట్ చేసుకోవచ్చు’ అని తెలుగులో చూపించే చిన్న ప్రోగ్రాం రాయండి. ఆ రెండో కాపీ ఉండే డిస్కును కాపీ అవగానే పీకి బీరువాలో పెట్టాలి. కంప్యూటర్‌కి తగిలించి ఉంచితే తాళం వేసే వైరస్ దాన్నీ వదలదు. మాఘంలో జరిగిన నష్టానికి అసలు మందు ఇదే. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే, ఈ పని ఈ వారమే చేయాలి.

తర్వాత క్రాక్‌ల విషయం. ఇందులో నేను మెత్తగా మాట్లాడలేను. క్రాక్‌లతో ఉండిపోవడం అనే దారి మీ దగ్గర లేదు. చట్టం మాట అటుంచినా, ఒకసారి ఇల్లు కాలిన దారిలోనే మళ్లీ దీపం పెట్టడం అది. మిగిలినవి చెబుతాను.

అన్నకు అలవాటైన సాఫ్ట్‌వేర్‌నే లైసెన్సు కొనడం ఒకటి. ఖర్చు మీ నాయనగారు లెక్క చూసుకోవాలి. కానీ సీజన్ నడుస్తుండగా పని ఆగదు, కొని పెట్టుకున్న పెండ్లి ప్రాజెక్టుల ప్యాకులన్నీ (ముందే తయారైన డిజైన్లు) అలాగే పనిచేస్తాయి, అన్న మనసు కుదుటపడుతుంది. ఓపెన్ సోర్స్ అభిమానిగా నాకు ఈ మాట చెప్పడం ఇష్టంగా లేదు, అయినా మీ ఇంటికి ఇది చెడ్డ దారి కాదు. ఒక్క కంప్యూటర్‌కి కొని, రెండోదాన్ని ప్రయోగాలకి వదలొచ్చు. పైసా తీసుకోకుండా ఇచ్చే డావిన్చి రిజాల్వ్ లాంటివీ ఉన్నాయి, అన్నకు నచ్చితే తప్పు లేదు. అయితే ఉచితం వేరు, ఓపెన్ సోర్స్ వేరు. లోపలేముందో మీరు చూడలేరు, రేపు షరతులు మారిస్తే అడగలేరు.

మొత్తాన్ని మార్చడం ఇంకొకటి. అలా అయితే నా ఓటు కెడెన్‌లైవ్‌కి. 2002లో మొదలైన ప్రాజెక్టు, ఇప్పుడు కేడీఈ అనే ఓపెన్ సోర్స్ బృందం నీడలో ఉంది. లోపల పనిచేసే ఇంజిన్ పేరు ఎమ్ఎల్‌టీ. షాట్‌కట్‌కి కూడా అదే ఇంజిన్. ప్రోగ్రామర్‌గా మీకు నచ్చే సంగతి ఏమిటంటే, దాని ప్రాజెక్టు ఫైలు ఎక్స్ఎమ్ఎల్, అంటే మామూలు టెక్స్టే. తెరిచి చదవొచ్చు, మార్పుల చరిత్ర దాచే గిట్‌లో పెట్టొచ్చు, స్క్రిప్టుతో తయారుచేయొచ్చు. మెల్ట్ అనే కమాండ్‌తో తెర తెరవకుండానే రెండర్ చేయించొచ్చు. పగలంతా అన్న కట్ చేసిన మూడు పెండ్లిళ్లనూ రాత్రి వరసలో పెట్టి వెళ్లిపోతే పొద్దున్నకి అయిపోతాయి. ప్రాక్సీలు (కటింగ్ కోసం తీసే చిన్న సైజు కాపీలు) పెట్టుకుంటే పాత కంప్యూటర్ మీద కూడా నాలుగు కెమెరాల ఫుటేజీని ఈడ్చుకు రావొచ్చు. అన్న రంగుల కోసం దాచుకున్న క్యూబ్ లట్‌లు (రంగులు మార్చే ఫైళ్లు) ఇందులోనూ పనిచేస్తాయి. కష్టం ఎక్కడంటే, ఆ పెండ్లి ప్రాజెక్టుల ప్యాకులు ఇందులో తెరుచుకోవు. హైలైట్స్‌కి అన్న వాడే పూల రెమ్మలు, బంగారు ఫ్రేములు మళ్లీ తయారుచేసుకోవాలి. పెద్ద టైమ్‌లైన్ల మీద అప్పుడప్పుడు టక్కున మూసుకుపోతుంది కూడా, గంటకోసారి కాదు పది నిమిషాలకోసారి సేవ్ చేయాలి. సీజన్ మధ్యలో ఇది మొదలుపెడితే అన్న మొదటి వారమే విసిగిపోతాడు, తప్పు మీ మీదకే వస్తుంది. మారాలనుకుంటే మూఢంలోనే మారాలి.

మూడో దారి, నాకు మనసుకు దగ్గరైనది, ఈ రెంటి మధ్యా ఉంది. కటింగ్ అన్న చేతిలో, ఆయనకు నచ్చిన సాఫ్ట్‌వేర్‌లో ఉండనివ్వండి, లైసెన్సుతో. దానికి ముందూ వెనకా ఉన్న చాకిరీ మీ కోడ్‌కి ఇవ్వండి. లోపలికి వచ్చే ఫుటేజీని కాపీ చేయడం, ఫ్రేమ్‌రేట్ సరిచేయడం, ప్రాక్సీలు తీయడం, బయటికి వెళ్లేటప్పుడు పెన్‌డ్రైవ్‌కి ఒక సైజు, వాట్సాప్‌కి ఒక సైజు, ఎల్ఈడీ తెరకి ఒక సైజు చేయడం. కాపీ తప్ప మిగిలిందంతా ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఒక్కటే చేస్తుంది. 2000లో ఫాబ్రిస్ బెలార్డ్ మొదలుపెట్టిన ఆ చిన్న ప్రోగ్రాం మీద ఇవాళ ఎన్ని సాఫ్ట్‌వేర్‌లు నిలబడ్డాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. దీనివల్ల వచ్చే ఇబ్బంది ఒకటే, రెండు ప్రపంచాల మధ్య వంతెన మీరే కాబట్టి ఏది ఆగినా ఫోను మీకే వస్తుంది. మీ ఆఫీసు మీటింగులో ఉన్నప్పుడు కూడా. స్క్రిప్టు ఎలా నడపాలో ఒక కాగితం మీద తెలుగులో రాసి మానిటర్ పక్కన అంటించండి.

కంపోజిటింగ్ గురించి, అంటే ఒకే షాట్‌లో పొరలు కలిపి సరిదిద్దే పని గురించి కూడా అడిగారు. అన్న దగ్గర లేనిది, మీరు తేగలిగింది ఇదే అనిపిస్తోంది. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో ఎవరో ఫోన్ ఫ్లాష్ వేస్తారు, అటు మూల తెల్లగా కాలిపోతుంది. లేకపోతే ఫ్రేములో మైకు వైరు వేలాడుతుంది. ఆ షాట్‌ని పారేయడం తప్ప మామూలు ఎడిటర్‌కి దారి ఉండదు. బ్లెండర్ అనే ఓపెన్ సోర్స్ త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో కదలికను ట్రాక్ చేసి, మాస్క్ వేసి (ఆ భాగాన్ని మాత్రమే వేరుచేసి), నోడ్‌లు కలిపి దాన్ని బతికించవచ్చు. నోడ్‌లంటే మీకు కొత్త కాదు, ఒక ఫంక్షన్ ఫలితాన్ని ఇంకో ఫంక్షన్‌కి ఇచ్చినట్టే, గీతలు కలిపి చూపిస్తుంది అంతే. పైగా అందులో దాదాపు ప్రతి బటన్ వెనకా పైథాన్ ఉంది. ఫ్రాన్స్‌లో ఇన్రియా పరిశోధన సంస్థలో పుట్టిన నేట్రాన్ పూర్తిగా కంపోజిటింగ్ కోసమే చేసింది, దానికీ పైథాన్ ఉంది. కానీ దాని అభివృద్ధి నెమ్మదించింది, ఇప్పుడు కొత్తగా నేర్చుకునేవాళ్లని నేను బ్లెండర్ వైపే పంపుతాను. 2025లో ఆస్కార్ అందుకున్న లాత్వియా యానిమేషన్ సినిమా బ్లెండర్‌లో చేసిందే. అలాగని పెండ్లికి మూడు గంటల టైమ్‌లైన్ బ్లెండర్‌లో కట్ చేయమని అన్నకు చెప్పకండి. అది షాట్‌ల మీద పనికొచ్చేది.

ఇక ఉద్యోగం మానేసి సొంత ఎడిటర్ రాయడం. ఆ కోరిక నాకు అర్థమవుతుంది, అందులో చెడు లేదు. కానీ పైన చెప్పిన కెడెన్‌లైవ్ వయసు చూడండి. ఇన్నేళ్లుగా ఎంతోమంది రాస్తున్నా ఇంకా సరిచేయాల్సినవి మిగిలే ఉన్నాయి. వీడియో ఎడిటర్ అంటే తెర మీద కనిపించే టైమ్‌లైన్ ఒక్కటే కాదు. ప్రతి కెమెరా ఫార్మాట్, ప్రతి గ్రాఫిక్స్ కార్డు, ఆడియో పొంతన, అన్‌డూ, పాడైన ఫైళ్లు, అన్నీ మీ నెత్తిన పడతాయి. మొదటి రెండేళ్లు మీ ఎడిటర్‌లో అన్న ఒక్క పెండ్లి కూడా కట్ చేయలేడు. జీతం ఆగుతుంది, స్టూడియో కష్టం మాత్రం ఆగదు. ఉద్యోగం ఉంచుకుని, ఉన్న ఇంజిన్ల మీద మన అవసరానికి చిన్న పనిముట్లు రాసి బయట పెట్టండి. పేర్ల కార్డులు చేసే మీ స్క్రిప్టు ఒక్కటి శుభ్రం చేసి పెట్టినా కందుకూరులోనో ఉదయగిరిలోనో ఇంకో స్టూడియో వాడుకుంటుంది. వాటిని అమ్ముకోవాలనుకుంటే మాత్రం ఏ లైబ్రరీ ఏ లైసెన్సులో ఉందో చూసుకోండి. జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు ఉన్న కోడ్ కలిపి బయటికి ఇస్తే మీ కోడ్ కూడా ఇవ్వాలి. ఆ సాఫ్ట్‌వేర్‌తో చేసిన పెండ్లి వీడియోలకు ఈ షరతు అంటదు, అవి మీవే. ఏడాది తర్వాత కూడా ఆ కోరిక ఇలాగే ఉంటే అప్పుడు కెడెన్‌లైవ్ వాళ్లతో చేరి పనిచేయడం గురించి ఆలోచించవచ్చు.

నాయనగారి ‘ఎందుకుమే నీకీ తలనొప్పి’లో నాకు విసుగు వినపడలేదు. కూతురు ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు తన స్టూడియో కోసం మేలుకోవడం ఆయనకి బరువుగా ఉంది. ఆయనతో సాఫ్ట్‌వేర్ పేర్లు మాట్లాడకండి. బీరువాలో రెండో డిస్కు ఉందని, ఇక ఎవరింటికీ అలా చేతులు పట్టుకోవడానికి వెళ్లక్కర్లేదని చెప్పండి.

అన్నతో మాత్రం మాట్లాడాల్సింది మీరే. క్షమాపణ చెప్పాల్సిన పని లేదు, ఆయన చేత చెప్పించాల్సిన పనీ లేదు. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక ప్రశ్న అడగండి: “అన్నా, ఒక పెండ్లి పనిలో నీకు అన్నిటికంటే విసుగు పుట్టించేది ఏది?” ఆయన చెప్పిందే మీ తర్వాతి ప్రోగ్రాం. కెడెన్‌లైవ్ చూపించదలిస్తే, ఆయన వేళ్లకి అలవాటైన షార్ట్‌కట్‌లన్నీ ముందే అందులో పెట్టి, వదిలేసిన పాత ఫుటేజీ ఏదైనా ఇచ్చి, మీరు బయటికి వెళ్లిపోండి. భుజం మీద నుంచి చూస్తుంటే ఎవరికీ కొత్త పని రాదు.

ఆ పేర్ల స్క్రిప్టుకి ఒక పరీక్ష కార్డు కూడా చేయండి. శ్రీలక్ష్మి, జ్యోత్స్న, కృష్ణప్రియ, రాజ్యలక్ష్మి, విఘ్నేశ్వర్, సత్యనారాయణమూర్తి. ప్రతి రెండర్‌కీ ముందు ఈ ఆరు పేర్లూ ఎల్ఈడీ తెర సైజులో ఒకే బొమ్మగా రావాలి. ఆ బొమ్మ సరిగ్గా ఉందో లేదో చూసి ‘సరే’ నొక్కే పని అన్నకు అప్పగించండి. ఆరు పేర్లలో ఎక్కడ ఒత్తు తప్పినా మీకంటే ముందు ఆయన కన్నే పట్టుకుంటుంది.